ఏడో డబ్బా

ముందుగానే చెప్పేస్తున్నాను, నాకు రాయడం సరిగా రాదు. ఐదో తరగతి వరకే చదివాను, అది కూడా వానలు పడే రోజుల్లో బడికి పోకుండా. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ తడుముకుంటాను. ఎవరికైనా చూపించి దిద్దించుకోమని ఇంట్లోవాళ్ళు అన్నారు. నేను చూపించలేదు. దిద్దేవాళ్ళు తప్పులతో పాటు నా మాటలు కూడా మార్చేస్తారేమోనని అనుమానం. అందుకని తప్పులు తప్పుల్లాగే ఉండిపోయాయి. కోప్పడకుండా చదవండి.

అనుమానం నాకు చిన్నప్పటి నుంచి ఉంది. ఐదు పాసయ్యాక మా నాయన, "హైస్కూలు శానా దూరం పాపా, ఆడబిడ్డవి, నడవలేవు" అన్నాడు. ఆ మరుసటి రోజు నుంచి అంతకంటే దూరం బర్రెలను తోలుకుని పోయాను. అప్పటి నుంచి ఎవరేం చెప్పినా దాని వెనక ఇంకేదో ఉంటుందని వెతకడం అలవాటైంది. మంచిదో కాదో నాకు తెలియదు. నేను చెప్పబోయేది కూడా ఆ అలవాటు గురించే.

పెళ్ళయి శ్రీకాళహస్తికి వచ్చాను. మా ఆయన లారీ నడిపేవాడు. నెలలో ఎక్కువ రోజులు రోడ్డు మీదే. ఇంట్లో నేనూ మా మామా ఉండేవాళ్ళం. మామ కలంకారీ పనివాడు. గుడ్డను కరక్కాయ, బర్రెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టి, దాని మీద వెదురు కలంతో బొమ్మలు గీసేవాడు. గీత ఆయనది, రంగు నాది. పదకొండేళ్ళు ఆయన గీసిన గీతల లోపలే రంగు పూశాను.

గీత నాకు ఎందుకు ఇవ్వడంటే దానికి కారణం ఉంది. బొగ్గుతో గీసింది దులిపితే పోతుంది. నలుపుతో గీసింది పోదు. మా నలుపు బెల్లం నీళ్ళలో తుప్పు పట్టిన ఇనుము వేసి రోజుల తరబడి పులియబెట్టి చేసేది. అది కరక్కాయ పట్టిన గుడ్డను తాకిందంటే ఇక మా ఊరి ఏరు స్వర్ణముఖి మొత్తం పారినా దాన్ని కడగలేదు. ఒక్క గీత తప్పితే గుడ్డ అంతా పోయినట్టే.

"నీ చెయ్యి వణుకుతాదిమే" అనేవాడు మామ.

వణుకుతుందో లేదో ఆయన ఎప్పుడు చూశాడు? కలం చేతికి ఇస్తే కదా. ఆయన మధ్యాహ్నం పడుకున్నప్పుడు పనికిరాని ముక్కల మీద నేను పక్షులు, దానిమ్మకాయలు గీసి బియ్యం డబ్బా వెనక దాచేదాన్ని.

మా ఊళ్ళో ఇంటర్నెట్ సెంటర్లు కొత్తగా తెరుస్తున్న రోజులవి. గుడి చూడ్డానికి వచ్చిన ఒక విదేశీ ఆమె, గైడును వెంటబెట్టుకుని మా వీధికి వచ్చింది. అరవై ఏళ్ళు ఉంటాయి. తెల్ల జుట్టు, కాళ్ళకు మగవాళ్ళ చెప్పులు. ఆమెది ఇజ్రాయేలు అని గైడు చెప్పాడు. మామ గీసిన పెద్ద గుడ్డలన్నీ చూసింది, బాగున్నాయి అంది. నీళ్ళు తీసుకురావడానికి నేను లోపలికి పోతే నా వెనకే వంటింట్లోకి వచ్చేసింది. బియ్యం డబ్బా వెనక నుంచి కొస కనిపిస్తుంటే తనే లాగి చూసింది.

"ఇది ఎవురు గీసినారని అడుగుతా ఉండాది" అన్నాడు గైడు.

మామ కూడా వెనకే వచ్చాడు. మామ నా ముఖం చూసి, "ఇంగెవురు, ఈ దొంగే" అన్నాడు.

ఆమె అడిగింది ఇది. వాళ్ళ ఇంట్లో భోజనాల బల్ల పైన గోడకు వేసుకోవడానికి ఒక గుడ్డ కావాలి. పక్షులు, దానిమ్మ చెట్టు, పైన ఒక పట్టీలో వాళ్ళ భాషలో రెండు మాటలు. గీత మాత్రం ఆ ముక్క గీసిన చెయ్యే గీయాలి. ఏ మాటలు రాయించాలో ఇంటికి పోయి పిల్లలను అడిగి ఇంటర్నెట్లో పంపుతుంది.

ఆమె పోయాక మామ తన కలం కడిగి నా ముందు పెట్టాడు. తర్వాత అన్నాడు. "సరే. కలం తీసుకో. ఒక్క గీత తప్పినా గుడ్డ నాకాడికి రావాల. మళ్ళ నువ్వు కలం అడగగూడదు. ఆ డబ్బా ఎనకా ఈ డబ్బా ఎనకా గీసి దాసుకోనూ గూడదు."

"సరే మామా" అన్నాను.

పదకొండేళ్ళకు ఒక అవకాశం వచ్చింది. అది ఆ ఒక్క గుడ్డే.

బస్టాండు దారిలో ఉన్న ఇంటర్నెట్ సెంటర్ ఆయనే నా పేరు మీద ఈమెయిల్ చిరునామా ఒకటి తెరిచి ఇచ్చాడు, గైడు దాన్ని ఆమెకు చేరవేశాడు. నలభై ఏళ్ళ మనిషి, నుదుట విభూతి, జేబులో రెండు పెన్నులు. అంతకుముందు అక్కడే టైపు నేర్పించేవాడు. టైపు మిషన్లను వెనక గదిలోకి తోసి నాలుగు కంప్యూటర్లు పెట్టాడు. మంచివాడేనని అందరూ అన్నారు. అందరూ ఒకే మాట అంటే నాకు ఇంకా అనుమానం. ఆయనకు ఇంగ్లీషు వచ్చు, నాకు రాదు. ఆమె రాసే ప్రతి మాటా ముందు ఆయన కళ్ళలో పడి తర్వాత నా చెవిలో పడుతుంది. మధ్యలో ఆమె చిరునామా గుడి దగ్గర పెద్ద అంగడివాళ్ళకు ఇచ్చేస్తే? నేనెవరిని అడగాలి?

నెల తర్వాత జాబు వచ్చిందని కబురు పెట్టాడు. పోయాను. ఇంగ్లీషులో ఉన్నది చదివి చెప్పాడు. వారంలో ఒక రోజు వాళ్ళు పనులన్నీ మానేసి ఇంటిల్లిపాదీ కలిసి భోంచేస్తారట. ఆ రోజు ఒకరికొకరు చెప్పుకునే మాటలట ఇవి. విశ్రాంతి, శాంతి అని అర్థమట. కుడి నుంచి ఎడమకు రాయాలట.

"మాటలేవన్నా?" అన్నాను.

"ఇయ్యే" అని చూపించాడు.

చూశాను. ఇంగ్లీషు అక్షరాలే, నెత్తిన గీతలు, చుక్కలు పెట్టుకుని ఉన్నాయి. బస్సుల మీద ఇంగ్లీషు చూసి చూసి ఆ మాత్రం నాకూ తెలుసు.

"ఇది ఇంగ్లీషు కదన్నా. నన్ను సదువురాని దాన్నని ఏమారుస్తా ఉండావా?"

"అబ్బబ్బా, ఉండుమా!" అని పైన ఏదో నొక్కాడు. ఒక పెద్ద పట్టిక దిగింది. దాంట్లో ఇంకేదో నొక్కాడు. తలపై గీతలున్న అక్షరాలు పోయి డబ్బాలు వచ్చాయి. మూడు డబ్బాలు, కొంచెం ఖాళీ, నాలుగు డబ్బాలు. ఏడూ ఒకే కొలత.

"ఇయ్యేనా వాళ్ళ అచ్చరాలు? అన్నీ ఒకటే మాదిరి ఉండాయే. ఎట్ల సదువుకుంటారు పాపం?"

ఆయన నవ్వాడు. వెనక కూర్చుని చూస్తున్న ఇద్దరు కూడా నవ్వారు. "ఇయ్యి అచ్చరాలు కాదుమా. ఆ బాస అచ్చరాలు ఈ మిషన్లో లెవ్వు. లేనప్పుడు డబ్బా సూపిస్తాది. డబ్బా అంటే ఈడ అచ్చరం రావాల, ఇంగా రాలేదు అని గుర్తు. తెలుగు పేపరు ఇంటర్నెట్లో తెరిసినా ముందర నాకూ ఇట్లే డబ్బాలే. ఫాంటు ఎక్కించినాకే సదవను వచ్చినాది."

డబ్బా అంటే అక్షరం రాలేదని గుర్తు. నలుగురి ముందు నవ్వులపాలై నేర్చుకున్న పాఠం. నేను మరిచిపోతానా?

ఆ ఫాంటు ఎక్కించాలంటే కంప్యూటర్‌కు మొదట్లో వేసిన సీడీ కావాలి, అది తిరుపతిలో ఉంది అన్నాడు. తిరుపతికి ఎప్పుడు పోతావంటే ఈ వారం అన్నాడు. ఆ వారం పోలేదు.

నేను ఇంట్లో పని మొదలుపెట్టాను. కింద చెట్టు, కొమ్మల మీద పక్షులు బొగ్గుతో గీసి, దాని మీద నలుపు ఎక్కించాను. చెయ్యి వణకలేదు. పై పట్టీ మాత్రం ఖాళీగా వదిలాను. నలుపు పని అంతా అయితే గానీ గుడ్డను పటికలో ముంచి ఎరుపుకు ఉడకబెట్టకూడదు. అంటే ఆ ఏడు అక్షరాలు వచ్చేదాకా గుడ్డ అట్లాగే పడి ఉండాలి. పాలు పట్టిన గుడ్డ వాసన కొడుతూ వాకిట్లో దండెం మీద వేలాడుతూ ఉంటే, దారిన పోయేవాళ్ళంతా ఆగి చూసేవాళ్ళు.

పక్కింటి వదిన ఒక రోజు గోడ మీద నుంచి తొంగి చూసి, "ఏమ్మే, పైన ఖాళీ ఇడిసిపెట్టినావే, ఆడ ఏం రాస్తావు?" అంది.

"వాళ్ళ బాసలో మాటలు వదినా."

"ఏం మాటలు?"

"శాంతి అంట."

"నీకెట్ల తెలుసు? యంత్రమో మంత్రమో రాయించుకుంటే? రాసినోళ్ళకి తగుల్తాదంట."

నేను నవ్వి ఊరుకున్నాను. ఆ రోజంతా ఆ మాట లోపల తిరుగుతూనే ఉంది. నిజమే కదా, నాకెట్లా తెలుసు? అర్థం చెప్పింది ఇంటర్నెట్ సెంటర్ ఆయన. ఆయనకు చెప్పింది ఆమె. నేను చూసింది ఏడు డబ్బాలు.

చివరికి సీడీ వచ్చింది. ఆయన ఎక్కించేటప్పుడు నేను పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. కంప్యూటర్ ఆపి, మళ్ళీ తెరిచాడు. జాబు తెరిచాడు. పట్టిక దించి నొక్కాడు.

డబ్బాలు పోయాయి. అక్షరాలు వచ్చాయి.

ఎంత ముద్దుగా ఉన్నాయో చెప్పలేను. కుడి చివర మూడు కొమ్ములున్నది ఒకటి. మధ్యలో ఒకటి అందరికంటే పైకి మెడ చాచి కొంగలా ఉంది. చిన్న మేకు లాంటిది ఒకటి. కలంతో గీస్తే ఎక్కడ వత్తాలి, ఎక్కడ తేలిగ్గా పోవాలి అని నా వేళ్ళు అప్పుడే చూసుకుంటున్నాయి. కుడి నుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ ఎడమకు వచ్చాను. చివర ఆగిపోయాను.

"అన్నా, ఒకటి రాలేదు."

"ఏదిమా?"

"అదిగో, కడాకు. డబ్బా అట్లే ఉండాది."

ఆయన కళ్ళజోడు సర్దుకుని తెర దగ్గరకు వంగాడు. "అవును! ఇదొకటి మిగిలిపోయిందే" అన్నాడు.

ఇద్దరం చూశాం, ఇద్దరికీ అట్లాగే అనిపించింది. ఆయన మళ్ళీ సీడీ పెట్టాడు. మళ్ళీ ఎక్కించాడు. ఆరు అక్షరాలు, ఒక డబ్బా. ఫాంటు మార్చాడు. ఆరు అక్షరాలూ సన్నబడ్డాయి, డబ్బా కూడా సన్నబడింది. ఇంకో ఫాంటు పెట్టాడు. అక్షరాలు లావయ్యాయి, డబ్బా కూడా లావయింది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. లావు ఫాంటులో ఆ డబ్బా పై గీత మందంగా, పక్క గీతలు సన్నంగా ఉన్నాయి. పక్కన ఉన్న అక్షరాల్లో కూడా అడ్డ గీత మందం, నిలువు గీత సన్నం. ఒకే కలం గీసినట్టు. మొదట్లో చూసిన ఏడు డబ్బాలు అట్లా లేవు, నాలుగు వైపులా ఒకే మందం. నా కన్ను ఇదంతా చూసింది. కానీ నేను అనుకున్నది ఏమిటంటే, "డబ్బాను కూడా అక్షరంలాగా ముస్తాబు చేసి నన్ను నమ్మించాలని చూస్తున్నాడు" అని. పదకొండేళ్ళు గీతలను చూసిన కన్నును నేనే నమ్మలేదు.

నాలుగు రోజులు తిరిగాను. నేను గుమ్మంలోకి రాగానే ఆయన ముఖం మాడ్చుకునేవాడు.

"వచ్చినావా? ఇంగా డబ్బానే."

"వేరే మిషన్లో సూడన్నా."

"నాలుగు మిషన్లలోనూ సూసినా. నాలుగిట్లోనూ డబ్బానే. ఆ ఒక్క అచ్చరం లేకుంటే ఏం మునిగిపోతాదిమా? ఆరు రాయి. అడిగితే, జాగా సాల్లేదని సెప్పు."

"నీ పేరులో కడా అచ్చరం ఎగరగొట్టి బోర్డు రాయించుకుంటావా?"

 కంప్యూటర్ ముందు కూర్చున్న ఒకతను కిసుక్కున నవ్వాడు.

ఇంట్లో మామ రోజూ గుడ్డ ముందు నిలబడి ఖాళీ పట్టీ చూసి లోపలికి పోయేవాడు. ఏమీ అనేవాడు కాదు. అంటే బాగుండేది. ఒక రోజు మాత్రం, "కడాకు ఒక పువ్వు గీసెయ్‌మే, ఎవురు సూస్తారు" అన్నాడు. నాకు ఆశ పుట్టింది. మరుక్షణమే అనుమానం పుట్టింది. నేను పువ్వు గీస్తే, ఆమె తప్పు అంటే, కలం తిరిగి ఎవరి చేతికి పోతుంది? నేను గీయలేదు.

ఐదో రోజు ఇంటర్నెట్ సెంటర్ ఆయనే కబురు పంపాడు. పోతే, పెద్ద కాగితం చేతిలో పెట్టాడు. అక్షరాలు అరచేయంత ఉన్నాయి. ఏడూ ఉన్నాయి. డబ్బా లేదు. దాని చోట నిండు అక్షరం ఉంది, మూడో దానిలాంటిదే, ఎడమ కాలు కొద్దిగా ముందుకు పెట్టి.

"వచ్చినాదా!"

"వచ్చినాది తల్లీ. పో, రాసుకో" అన్నాడు, నా వైపు చూడకుండా కీబోర్డు తుడుస్తూ.

కాగితం చుట్టుకుని ఇంటికి వచ్చాను. నిజం చెప్పాలంటే సంతోషంతోనే వచ్చాను. గుడ్డ పరిచి, కాగితం పక్కన పెట్టుకుని, బొగ్గుతో అక్షరాలు గీయడం మొదలుపెట్టాను. నాలుగు రోజులు కదలని డబ్బా ఐదో రోజు ఎట్లా పోయింది అని చేయి కదులుతుంటే లోపల ఒకటే ప్రశ్న. ఆరు అక్షరాలు అయ్యాయి. ఏడోది గీసే ముందు కాగితాన్ని వాకిట్లో వెలుతురులోకి పట్టుకుని చూశాను.

ఏడో అక్షరం చుట్టూ వెంట్రుక కంటే సన్నంగా ఒక గీత ఉంది. నాలుగు వైపులా. మిగిలిన అక్షరాల చుట్టూ లేదు.

ఆ గీత ఎక్కడిదో నాకు తెలుసు. మామ పాత బొమ్మల నుంచి ఒక తల, ఇంకో బొమ్మ నుంచి ఒక చెయ్యి కత్తిరించి అతికించి జిరాక్స్ తీయించి పెట్టుకుంటాడు. అతికించిన కాగితం అంచు జిరాక్స్‌లో అట్లాగే పడుతుంది.

చేతికున్న బొగ్గు కూడా కడుక్కోకుండా పోయాను. సెంటర్లో ఐదారుగురు ఉన్నారు. కాగితం ఆయన బల్ల మీద పరిచాను.

"ఇది యాడిది?"

"ఏది?"

"ఈ కడా అచ్చరం. మూడో దాన్ని కత్తెరతో కోసి ఈడ అతికించినావు. జిరాక్స్ తీసినావు. అంచు కనబడతా ఉండాది సూడు."

ఆయన చూశాడు. అబద్ధం చెప్పబోయాడు, నోరు తెరిచాడు, మూసేశాడు. తర్వాత గట్టిగా అరిచాడు. "మరేం జేసేది? దినామూ వచ్చి నా పానం తీస్తా ఉండావు! డబ్బా పోవాల, డబ్బా పోవాల అని. పోలేదు, పోగొట్టినా! ఆ గుడ్డ యాడో సముద్రాలవతల గోడకేస్తారు, ఎవురికి తెలుస్తాదిలే అనుకున్నా!"

"ఆమెకు తెలుస్తాది కదన్నా! ఆమె బాస కదా అది! దినామూ అన్నం తినేటప్పుడు సూస్తాది!"

ఎవరూ నవ్వలేదు. ఆయన కుర్చీలో కూర్చుండిపోయాడు.  నాకు ఏడుపు వచ్చింది. కోపంతో కాదు, భయంతో. ఇంకొక్క అక్షరం బొగ్గు గీసి ఉంటే, ఆ సాయంత్రం నలుపు ఎక్కించి ఉండేదాన్ని.

"మనమేం జేయలేమా అన్నా?" అన్నాను కాసేపటికి.

"ఆమెనే అడగాల. మళ్ళ అచ్చరాలు పంపమంటే మళ్ళ డబ్బానే వస్తాది."

"అచ్చరాలు వద్దు. మాటల్లో సెప్పమను. ఒక్కోటి సూడను ఎట్లుంటాదో. కుడి పక్క నుంచి మొదటిది దేని మాదిరి ఉంటాది, రెండోది దేని మాదిరి ఉంటాది, అట్ల ఏడూ. ఇంగ్లీషులోనే రాయమను. ఇంగ్లీషుకు డబ్బాలు రావు కదా?"

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "రావు" అని కీబోర్డు దగ్గరకు లాక్కున్నాడు.

ఆయన టైపు చేశాడు. ఏం చేశాడో నాకేం తెలుసు? పక్క కంప్యూటర్ దగ్గర ఒక టీచరమ్మ ఉంది. "అమ్మా, ఈయన రాసింది నాకు సదివి సెప్తావా?" అని అడిగాను. ఆయన ముందే అడిగాను. ఆయన ముఖం ఎర్రబడింది గానీ కుర్చీ పక్కకు జరిపాడు. ఆమె చదివి, నేను చెప్పింది చెప్పినట్టే ఉందంది. అప్పుడు పంపించమన్నాను.

జవాబు రెండు రోజులు రాలేదు. నేను ఏమేమి అనుకోలేదు? ఆమెకు కోపం వచ్చింది. లేదా ఈయన పంపనే లేదు. లేదా ఇంకెవరికో పని ఇచ్చేసింది. ఆ రెండు రోజుల్లో ఒకటి వాళ్ళ విశ్రాంతి రోజు అని నాకు గుర్తే రాలేదు. వాళ్ళు పని మానేస్తారని ఆమె మొదటి జాబులోనే రాసింది.

మూడో రోజు జవాబు వచ్చింది. టీచరమ్మ లేదు. ఆయనే చదివాడు, నేను తెర చూసి బొగ్గుతో గీసుకున్న కాగితం మీద ఒక్కో అక్షరానికి వేలు పెట్టుకుని కూర్చున్నాను.

"ఒకటోది, మూడు మంటలు లేసే పొయ్యి మాదిరి."

ఉంది.

"రెండోది, ఎడమ పక్కకు నోరు తెరుసుకున్న ఇల్లు."

ఉంది.

"మూడోది, వాకిలి. ఎడమ కాలు కొంచిం బయటికి పెట్టి ఉంటాది. నాలుగోది మళ్ళ మొదటిదే. ఐదోది అన్నిటికన్నా పొడుగు. ఆరోది మేకు."

ఉన్నాయి, ఉన్నాయి.

ఏడోది చదవలేదు. తెర వైపు చూస్తూ ఉండిపోయాడు.  తర్వాత రెండు చేతులూ తల మీద పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏందన్నా?"

"ఏడోది..." అని మళ్ళీ నవ్వాడు. "ఏడోది, నాలుగు పక్కలా మూసిన పెట్టె మాదిరి ఉంటాదంటమా. డబ్బా! అది డబ్బా కాదు, అచ్చరమే! మొదటి దినమే వచ్చేసిందిమా అది!"

నేను నమ్మలేదు. ఎట్లా నమ్ముతాను? డబ్బా అంటే అక్షరం రానట్టు అని నేర్పించింది ఆయనే. ఒకసారి అక్షరం మార్చి ఇచ్చింది ఆయనే. తన మాట నెగ్గించుకోవడానికి ఇప్పుడు డబ్బానే అక్షరం అంటున్నాడు. బయటికి వచ్చి, రోడ్డు దాటి, మందులంగడి ఆయనను బతిమాలి పిలుచుకుని వచ్చాను. అంగడి వదిలి వచ్చినందుకు ఆయన విసుక్కుంటూనే వచ్చాడు. తెర మీద ఉన్న చివరి వాక్యం చదవమన్నాను.

"నాలుగు వైపులా మూసిన పెట్టె. అడుగున మూలలు గుండ్రంగా గాకుండా సదరంగా ఉండాల అని రాసినాది. ఎందుకుమా? ఏం పెట్టె? పార్సిలా?"

అప్పుడు నమ్మాను. లావు ఫాంటులో పై గీత మందంగా ఉన్న ఆ డబ్బా కళ్ళ ముందుకు వచ్చింది. ఇంటర్నెట్ సెంటర్ ఆయన నవ్వు ఆపి, ఏమంటానో అని నన్ను చూస్తున్నాడు.  ఆయన మార్చిన అక్షరం తప్పు. నేను పట్టుబట్టిన మాట కూడా తప్పు. నేను అంతగా పట్టుబట్టకుంటే ఆయన కత్తెర తీసేవాడే కాదు.

"మంచి ప్రింటు ఒకటి తియ్యన్నా. డబ్బా ఉండేది" అన్నాను.

ఇంటికి వచ్చి, పాత బొగ్గు గీతలు దులిపి, కొత్తగా గీశాను. నలుపు కలుపుకుని కలానికి చుట్టిన గుడ్డపీలికను ముంచాను. మామ వచ్చి వెనక నిలబడ్డాడు. పొమ్మని ఎట్లా అంటాను? ఆయన కలమే అది.

కుడి నుంచి మొదలుపెట్టాను. మా నలుపు గుడ్డ మీద పెట్టగానే నల్లగా ఉండదు. ముందు పలచగా, బూడిద రంగులో ఉంటుంది. చూస్తుండగా నిమిషంలో నల్లబడుతుంది. మొదటి అక్షరం మూడు కొమ్ములూ సరిగా వచ్చాయి. రెండో దానికి వచ్చేసరికి వదిన అన్న మంత్రం మాట, మామ ఊపిరి చప్పుడు, ఇంటర్నెట్ సెంటర్ ఆయన కత్తెర, అన్నీ ఒక్కసారి చేతిలోకి వచ్చాయి. కింది గీత దగ్గర చెయ్యి వణికింది. ఆపలేదు. ఆపితే అక్కడ చుక్క పడుతుంది. గీత చివరిదాకా లాగాను. తర్వాత వణకలేదు.

ఏడోది నాలుగు గీతలు. పై గీత మందంగా, పక్క గీతలు సన్నంగా గీశాను. మూల దగ్గర కలిపి, కలం ఎత్తేశాను.

"ఏందిమే, కడాకు డబ్బా గీసినావు?" అన్నాడు మామ.

"అది అచ్చరం మామా."

"ఎవురు సెప్పినారు?"

"ఆమె."

మామ వంగి, పట్టీ మొత్తం కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి చూశాడు. రెండో అక్షరం దగ్గర వేలు ఆపాడు, తాకకుండా.

"ఈడ వణికినాది."

"వణికినాది మామా."

 ఒక్క గీత తప్పినా, అన్నాడు కదా. ఆయన ఇంకా వంగి, ఆ గీత నల్లబడే దాకా చూశాడు.

"వణికినాది గానీ తప్పలేదు" అని, నలుపు కుండ మీద మూత పెట్టి, లోపలికి పోయాడు. కలం నా చేతిలోనే ఉంది. ఆయన అడగలేదు.

ఆ గుడ్డ ఇప్పుడు ఎక్కడో ఒక భోజనాల బల్ల పైన ఉంది. రెండో అక్షరం కింది గీత దగ్గర చూస్తే ఆ వణుకు కనిపిస్తుంది. ఆమె దాన్ని ఏమీ అనలేదు. ఇన్ని కాగితాలు రాయడం నాకు ఇదే మొదటిసారి. ఇందులో చాలా చోట్ల చెయ్యి వణికి ఉంటుంది. ఆమె ఊరుకున్నట్టే మీరూ నా తప్పులను చూసీ చూడనట్టు మన్నించండి.